పల్నాటిలో పదమూడు చుక్కల జెండా

పల్నాడు వెళ్ళొచ్చి మూడు వారాలైంది. కడుపులో మంట తగ్గింది, తెచ్చిన కారం సగం అయిపోయింది గానీ, నా తెల్ల చొక్కా కాలరు లోపల పడిన నల్ల గుర్తు మాత్రం పోలేదు. రెండు నిలువు గీతలు, పక్కన ఒక చుక్క. మా ఆవిడ సబ్బు పెట్టింది, నిమ్మకాయ రుద్దింది, ఎండలో ఆరేసి నన్ను తిట్టింది. అదెలా పడిందని అడిగిన ప్రతివాళ్ళకీ మొదట్నించీ చెప్పే ఓపిక లేక ఇలా రాసి పెడుతున్నాను.

నేను తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతాను. నిరుడు ఒక పత్రికలో అమెరికా జెండా గురించి వ్యాసం రాశాను. ఆ దేశపు మొదటి జెండాను ఫిలడెల్ఫియాలో ఒక దర్జీ ఆవిడ కుట్టిందనీ, తర్వాత అధ్యక్షుడైన పెద్దమనిషి స్వయంగా ఆవిడ ఇంటికి వెళ్ళి అడిగాడనీ అక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆయన ఆరు మొనల చుక్కలు కావాలంటే, ఆవిడ కాగితం మడత పెట్టి ఒక్క కత్తిరింపుతో ఐదు మొనల చుక్క తీసి చూపించిందట, అది జరిగే పనేనా అని వెక్కిరించాను. తీరా చూస్తే ఈ కథ బయటికొచ్చింది దాదాపు వందేళ్ళ తర్వాత. చెప్పింది ఆవిడ మనవడు. అప్పటి కాగితం ముక్క ఒక్కటీ లేదు. మరోపక్క జెండా నమూనా నాదేనని ఇంకొకాయన అర్జీ పెట్టుకుని, ప్రతిఫలంగా సర్కారువారి ద్రాక్షసారా ఒక పీపా అడిగాడు. నువ్వొక్కడివే చెయ్యలేదుగా అని వాళ్ళు ఇవ్వలేదు. అప్పటి పదమూడు రాష్ట్రాలకీ పదమూడు చుక్కలన్నారే గానీ, అవి గుండ్రంగా ఉండాలన్న మాట కూడా తీర్మానంలో లేదు. ఇదంతా రాసి, 'కాగితం లేనిది చరిత్ర కాదు, బామ్మ కథ' అని ముగించాను. ఆ వాక్యం నాకే బాగా నచ్చి స్టాఫ్ రూములో రెండుసార్లు చదివి వినిపించాను.

దానికి గురజాల అవతలి ఒక ఊరి నించి జవాబొచ్చింది. రాసింది సాల్మన్ మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు, ఆ ఊరి చర్చికి పెద్ద. వాళ్ళ పాత మిషన్ బంగళాలో పదమూడు చుక్కల జెండా ఉందట, నా వ్యాసం చదివాక అదే మొట్టమొదటిదన్న నమ్మకం స్థిరపడిందట. నేను రాసిందానికి సరిగ్గా తలకిందులు. వేసవిలో చర్చికి నూరేళ్ళ పండగ, అమెరికా నించి అతిథులొస్తారు, ఈలోపు తమరు దయచేసి సర్టిఫికెట్టు ఇప్పించాలి అని కోరారు. నన్ను ఒక మనిషి నిపుణుడనడం అదే మొదటిసారి. వెంటనే సంచి సర్దుకున్నాను. ఊరి పేరు మాత్రం రాయనని మాటిచ్చాను.

నరసరావుపేట

కొత్తగా మండలాలొచ్చిన ఏడాది. బస్సులో సగం మంది తమ ఊరు ఏ మండలంలో పడిందో తేల్చుకోలేక పోట్లాడుకుంటున్నారు. నరసరావుపేటలో దిగి స్టాండు ఎదురు హోటల్లో ఇడ్లీ చెప్పాను. ఏ ఊరని సర్వరు అడిగితే తెనాలి అన్నాను. అతను నా ప్లేటులోని చట్నీ వైపు జాలిగా చూసి, ఇంకో రకం తెస్తానన్నాడు. నాకు పౌరుషం వచ్చి వద్దన్నాను. మా వైపు చట్నీలో మిరపకాయ అతిథి, ఇక్కడ అదే ఇంటి యజమాని. రెండో ఇడ్లీకి నా ఎదురుగా కూర్చున్న పత్తి వ్యాపారి ఇద్దరుగా కనిపించాడు.

ఆయనే మంచినీళ్ళు అందించి, పనేమిటని అడిగాడు. జెండా సంగతి చెప్పాను. ఆయనకి అమెరికా మీద ఆసక్తి లేదు గానీ సర్టిఫికెట్టు అన్న మాట పట్టుకున్నాడు. పల్నాటి యుద్ధంలో వాడిన కత్తి వాళ్ళింట్లో ఉందట. పక్క బల్ల మీది మనిషి అది విని, అసలు కత్తి తమ ఇంట్లో ఉందన్నాడు. ఇద్దరూ వాదించుకుంటుండగా తేలిందేమిటంటే, ఒకరు దాంతో కొబ్బరికాయలు కొడుతున్నారు, ఇంకొకరు గొడ్లకి జొన్నచొప్ప నరుకుతున్నారు. వచ్చేటప్పుడు చూస్తానని ఇద్దరికీ మాటిచ్చి, వచ్చేటప్పుడు వేరే దారిన వచ్చేశాను.

పిడుగురాళ్ళ

ఇక్కడ సున్నపు బట్టీల పొడి వేపచెట్ల ఆకుల మీద, ఎడ్ల వీపుల మీద, టీ కొట్టు గాజు గ్లాసుల మీద పేరుకుని ఉంటుంది. టీ అర్ధరూపాయి, సున్నం ఉచితం. బస్సు కోసం ఎదురుచూస్తూ ఒక బోర్డులు రాసే దుకాణం నీడన నిలబడ్డాను. గోడకి ఆనించిన కొత్త బోర్డు మీద రంగు ఇంకా ఆరలేదు. 'ప్రపంచములో మొట్టమొదటి అమెరికా జెండా. చెప్పులు బయట విడువవలెను' అని ఉంది. కింద జానెడు ఖాళీ.

ఆ ఖాళీ ఎందుకని అడిగాను. రాసేవాడు కుంచె తుడుచుకుంటూ, దాన్ని పరీక్ష చేసే ప్రొఫెసరు పేరు కోసమని చెప్పాడు. ఇంకా పరీక్షే కాలేదుగా అన్నాను. "మాస్టారు రంగు డబ్బులు ఇచ్చేశారు సార్, ఇంకేం పరీక్ష" అన్నాడు. నేనెవరో చెప్పకుండా మెల్లగా ఎండలోకి జరిగాను.

గురజాల బస్సులో

పక్క సీట్లో ఒక ముసలావిడ కూర్చుంది. అరవై అయిదేళ్ళుంటాయి. కళ్ళద్దాలకి కొత్త కాడ వేయించుకుని వస్తోంది. నా చేతిలో వేరుశనక్కాయలు పోసి మాట కలిపింది. దారి పొడవునా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. నేను మైలుకి పది తుమ్ములు తుమ్ముతున్నాను. ప్రతి తుమ్ముకీ ఆవిడ ప్రభువుని తలుచుకుంది.

తన పేరు రూతమ్మ అనీ, చిన్నప్పుడు బంగళాలో దొరసాని దగ్గర కుట్టు నేర్చుకున్నాననీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, ఊళ్ళో ఒక జెండా ఉందనీ, అది తన చేత్తో కుట్టిందనీ అంది. నమ్మేవాళ్ళు లేరు. పిల్లలు జెండా మామ్మ అని వెక్కిరిస్తారు. పండగలో బోర్డు మీద అబద్ధం ఎక్కితే ఇక తను చెప్పేది జన్మలో ఎవరూ వినరని ఆవిడ బెంగ.

"యాణ్ణించో పెద్దమనిషి వస్తన్నాడంట, సర్టిఫికెట్టు రాసేదానికి. ఆయనకి కుట్టంటే ఏందో తెలుసో లేదో" అంది.

తెలియదని నాకు తెలుసు. వేరుశనక్కాయలు నములుతూ కిటికీలోంచి చూశాను. 'బామ్మ కథ' అని రాసినప్పుడు ఇలా పక్కన కూర్చుని కాయలు వలిచి పెట్టే బామ్మ నా ఊహలో లేదు.

ఆ ఊరు, మాస్టారింటి భోజనం

సాల్మన్ మాస్టారికి అరవై ఏళ్ళు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో నా వ్యాసం. అందులో ఆయనకి పనికొచ్చే వాక్యాల కింద ఎర్ర సిరాతో గీతలున్నాయి, పనికిరాని వాటి మీద అడ్డంగా ఉన్నాయి. వాళ్ళావిడ జొన్నన్నం, గోంగూర పప్పు, పండుమిరపకాయ పచ్చడి పెట్టింది. మా వైపు కొత్త మనిషికి రెండోసారి వడ్డించాలంటే అడుగుతారు. ఇక్కడ అడగరు, మీరు చెయ్యి అడ్డం పెట్టేలోపు పడిపోతుంది. పచ్చడి నోట్లోకి వెళ్ళిన మరుక్షణం నా కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. అప్పుడే మాస్టారు జెండా సముద్రాలు దాటి వచ్చిన వైనం చెబుతున్నారు. నా కళ్ళు చూసి ఆయన కూడా కదిలిపోయి భుజం తట్టారు. ఆ తట్టుకి రెండో ముద్ద నా చొక్కా మీద పడింది.

చొక్కా ఉతికించడానికి శనివారం దాకా ఆగాలన్నారు. ఊళ్ళో ఉతికేవాళ్ళు లేరా అంటే ఆయన మొహం మారింది. ఉన్నారు, కోటయ్య ఉన్నాడు. కానీ నలభై అయిదేళ్ళ కిందట కోటయ్య నాయన పిచ్చయ్య, మాస్టారి నాయన పెళ్ళి పంచెని మాయం చేశాడట. జరీ అంచు పంచె. ఆ రోజు నించీ ఈ ఇంటి మాసిన బట్టల మూట పొరుగూరు పోతుంది. కోటయ్యతో మాటల్లేవు. మాస్టారు ఇదంతా జెండా కథ చెప్పినంత నమ్మకంగా చెప్పారు.

బంగళా

జెండాని మాస్టారు ఒక కర్రపెట్టెలోంచి తీశారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏటా బడి పిల్లల చేత దానికి సెల్యూట్ కొట్టించారట. ఏడు ఎర్ర చారలు, ఆరు తెల్ల చారలు, మూలన నీలం గుడ్డ మీద గుండ్రంగా పదమూడు చుక్కలు. నిజం చెప్పొద్దూ, చూడగానే నా వ్యాసం నేనే మర్చిపోయాను. నిజమైతే నా పేరు పిడుగురాళ్ళ బోర్డు మీద ఏం ఖర్మ, పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది.

తల ఎత్తేసరికి గుమ్మంలో రూతమ్మ నిలబడి ఉంది. నేనెవరో ఆవిడకి అర్థమైంది. బస్సులో తిన్న వేరుశనక్కాయలన్నీ తిరిగి అడుగుతుందేమో అన్నట్టు చూసింది.

మాస్టారు ఊరుకోమన్నా ఆవిడ ఊరుకోలేదు. పెద్ద యుద్ధం నాటి రోజుల్లో దొరసానికి ఇంటి మీద బెంగ పట్టుకుందట. వాళ్ళ దేశం పండగకి జెండా కావాలంది. అప్పటి వాళ్ళ జెండాకి ఉన్నట్టే నలభై ఎనిమిది చుక్కలు కుట్టాలంది. "నలభై ఎనిమిదంటే నా చేతి ఏళ్ళు ఏం గాను. అంత గుడ్డ కూడా లేదన్నా. అయితే మా మొదటి జెండాకి పదమూడే, అవే కుట్టమంది" అని చెప్పింది రూతమ్మ. రెండు వందల ఏళ్ళ ప్రాచీనత అంతా ఆ ఒక్క మాటతో బద్ధకంలో కలిసిపోయింది.

రుజువేమిటన్నారు మాస్టారు. ఆవిడ బల్ల మీది పాత దినపత్రిక తీసుకుని అటూ ఇటూ మడిచి, కత్తెరతో ఒక్క కత్తిరింపు కత్తిరించి విప్పింది. ఐదు మొనల చుక్క, ఎక్కడా వంకర లేదు. దొరసానే నేర్పిందట. ఫిలడెల్ఫియా కథలో జరగడానికి వీల్లేదని నేను వెక్కిరించిన ముక్క నా అరచేతిలో ఉంది. అయినా బుద్ధి పోదుగా, ఏదైనా కాగితం ఉందా అమ్మా అని అడిగాను.

"కుట్టేదానికి కాగితం ఎందుకు బాబూ, గుడ్డ ఉండాల గానీ" అంది.

సిగ్గుపడి భూతద్దం పెట్టి గుడ్డనే చూశాను. పైనించి రెండో చార అంచున, కుట్టు దగ్గర, నల్లటి గుర్తు. మూడు గీతలు, సగం బయటికి, సగం కుట్టు కింద. నా సిగ్గు ఎగిరిపోయింది. రోమన్ అంకె మూడు, పదమూడు రాష్ట్రాల్లో మూడోదాన్ని సూచిస్తుంది అని ప్రకటించాను. మాస్టారు త్రిత్వం అయి ఉంటుందన్నారు. ఇద్దరం చెరో మాటా కాగితం మీద రాసుకుంటుంటే రూతమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

అది జీడిగుర్తు. ఉతికేవాళ్ళు ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి గింజ పొడిచి ఆ రసంతో పెట్టే గుర్తు. దొరసాని దుప్పటి చింపి చారలు తీశామనీ, మూడు గీతలు బంగళా గుర్తనీ, కావాలంటే కోటయ్యని అడగమనీ చెప్పింది. మాస్టారు కోటయ్యని పిలవడానికి ససేమిరా అన్నారు. నేను పిలుస్తానన్నాను. అలా అంటూ భూతద్దం కిందికి జరిపి, కిందినించి రెండో చార దగ్గరికి వచ్చేసరికి రూతమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ చార మీద చెయ్యి వేసి, "పైది చూస్తే చాలదా బాబూ" అంది. గెలుస్తున్న మనిషి అలా ఎందుకు తెల్లబోయిందో నాకు అర్థం కాలేదు.

కోటయ్య

మర్నాడు పొద్దున్నే కోటయ్య బంగళాకి వచ్చాడు. రూతమ్మ అప్పటికే బైబిలు పట్టుకుని వచ్చి కూర్చుంది. ఆయనకీ అరవై దాటాయి. మాస్టారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. కోటయ్య జెండాని మామూలు బట్టలా రెండు చేతులా ఎత్తి, వెలుతురుకి పెట్టి, గుర్తు చూశాడు.

"ఇది బంగళా గుర్తు. మా నాయన చెయ్యి. ఈ మూడో గీత ఎప్పుడూ వంకర పెట్టేవాడు. జెండా కుట్టినాక పెడితే గుర్తు పైనంతా కనపడాలగా. కుట్టు కిందకి ఎట్టా పోయిద్ది?"

నా డిగ్రీలన్నీ కలిపి చెయ్యలేని పని ఆయన ఒక్క మాటలో చేశాడు. ముందు ఇక్కడ ఉతికారు, తర్వాత ఇక్కడే చింపి కుట్టారు. రూతమ్మ చెప్పింది నిజం. నేను సంతోషంగా ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ కోటయ్య చేతుల్నే చూస్తోంది. అవి ఒక్కో తెల్ల చారా తిప్పుకుంటూ కిందికి వస్తున్నాయి.

"ఆగు కోటయ్యా" అంది. "నువ్వు చెప్పబాక. నేను చెబుతా."

చేతిలోని బైబిలు తెరిచి, పేజీల మధ్య నించి పేలిక లాంటిది తీసింది. వేలెడు వెడల్పున మాసిన జరీ అంచు.

దుప్పటి చింపితే అయిదు చారలే వచ్చాయట. ఆరో చారకి గుడ్డ లేదు, తెల్లారితే పండగ. బంగళా మూటలో పొరపాటున ఒక పంచె వచ్చి ఉంది. "ఎవరిదో తెలవక కాదు మాస్టారూ. రెండు గీతలూ చుక్కా చూశా. మీ నాయనదని తెలుసు. ఇంకోటి కొని ఇద్దామనుకున్నా. ఈలోపే పిచ్చయ్య మామని మీ నాయన అందరి ముందూ నిలబెట్టాడు. నేను కొత్త కోడల్ని. నోరు పెగల్లా" అంది. జెండా తనే కుట్టానని ఇన్నేళ్ళూ ఊరంతా చెప్పుకుంది గానీ, గుడ్డ తీసి చూడండని మాత్రం ఏనాడూ అనలేకపోయిందట.

కోటయ్య జెండాని జాగ్రత్తగా బల్ల మీద పరిచాడు. "మా నాయన పోయేదాకా, వాగులో నీళ్ళు తగ్గినప్పుడల్లా ఆ పంచె కోసం రాళ్ళ సందున చేతులు పెట్టి ఎతికేవాడు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఈసారి పచ్చడి లేకుండానే.

మాస్టారు వచ్చి కిందినించి రెండో చారని వేళ్ళతో తడిమారు. కుట్టు పక్కన రెండు గీతలు, చుక్క. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ముప్పై ఏళ్ళు పిల్లల చేత మా నాయన పంచెకి సెల్యూట్ కొట్టించానా" అన్నారు.

ఆ మాటకి ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. నేనైతే కాదు, నాకు అంత ధైర్యం లేదు. కోటయ్యే అయి ఉండాలి. తర్వాత మాస్టారూ నవ్వారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడు లేచి కోటయ్య ముందు నిలబడి, ఆ రోజు తనకి పదిహేనేళ్ళనీ, నాయనతో పాటు తనూ పిచ్చయ్యని దొంగ అన్నాననీ, అది తప్పనీ చెప్పారు. కోటయ్య తల ఊపాడు. సరేనని మాత్రం అనలేదు.

సర్టిఫికెట్టు

నాకు ఇచ్చిన కాగితం మీద ఇలా రాశాను: 'ఈ జెండా మొదటిది కాదు. ఇది ఈ ఊళ్ళో రూతమ్మ గారు తన చేత్తో కుట్టినది. తెల్ల చారల్లో అయిదు బంగళా దుప్పటి. ఆరోది పోయిందనుకున్న పంచె. ఆ పంచెను పిచ్చయ్య గారు తియ్యలేదు.' కింద సంతకం పెట్టాను. చివరి వాక్యాన్ని మొట్టమొదట రాయమని రూతమ్మ పట్టుబడితే, మొత్తం మళ్ళీ రాశాను. పంచె సంగతి పత్రికలో రాస్తే రాసుకోమంది గానీ, ఊరి పేరు రాయబాకమంది. ఇంట్లో ఇద్దరు కొత్త కోడళ్ళున్నారట, వాళ్ళ పుట్టిళ్ళ దాకా పోకూడదట.

మాస్టారు పిడుగురాళ్ళ బోర్డు చెరిపి ఇదే రాయిస్తానన్నారు. అమెరికావాళ్ళు ఏమనుకుంటారని అడిగాను. వాళ్ళ జెండా కూడా ఎవరి దుప్పటో ఎవరు చూడొచ్చారు అన్నారు. అది నా వ్యాసం మొత్తం కంటే మంచి ప్రశ్న. ఫిలడెల్ఫియా ఆవిడ విషయంలో అందరూ కాగితాలు వెతికారు, నేనూ అదే చేశాను.

కోటయ్యకి చదువు రాదు. సర్టిఫికెట్టులో మొదటి వాక్యం చదవమన్నాడు, చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. మూడోసారి ఆయన అడగకుండానే చదివాను. తర్వాత నా చొక్కా మీది పచ్చడి మరక చూసి, విప్పి ఇమ్మన్నాడు.

సాయంత్రం మాచర్ల నించి వచ్చే రైలు గురజాలలో ఎక్కాలి. బయల్దేరే వేళకి కోటయ్య చొక్కా తెచ్చాడు. మరక లేదు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. కాలరు లోపల నల్లగా ఏదో కనిపించింది. రెండు నిలువు గీతలు, పక్కన చుక్క, రసం ఇంకా కొత్తగా ఉంది.

ఇది నాదని తెలియడానికా అని అడిగాను.

"మీదని కాదు బాబూ" అన్నాడు. "మాస్టారింట్లో దిగారుగా. ఇయ్యాల పొద్దున్నించీ ఆ ఇంటి మూట నాదే."